చెక్కకు బెంగళూరు గాలి పట్టాలంటే ఎన్నాళ్లు?

బెంగళూరు ఇళ్లలో తలుపులకు ఏటా ఒక తంతు ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి తలుపు గుమ్మానికి పట్టేస్తుంది, భుజం పెట్టి తోస్తే గానీ రాదు, వడ్రంగిని పిలిస్తే అంచుకు నాలుగుసార్లు చిత్రిక పట్టి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. మార్చి వచ్చేసరికి అదే తలుపు పక్క సందులోంచి కారిడార్ లైటు కనిపిస్తుంది. నాసిరకం చెక్క వేశాడని బిల్డర్‌నీ, పని రాదని వడ్రంగినీ తిట్టుకుంటాం. నిజానికి జరిగిన పొరపాటు వేరే: ఆ తలుపు చేసిన రోజున చెక్కలో ఎంత తేమ ఉందో ఎవరూ చూడలేదు, ఏడాది పొడవునా ఆ తేమ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తిరుగుతుందో ఎవరూ లెక్కేయలేదు.

వారమంతా లాప్‌టాప్ ముందు కూర్చుని శనివారం రాగానే బాల్కనీలో రంపం పట్టేవాళ్లు ఈ ఊళ్లో ఇప్పుడు బాగానే ఉన్నారు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్లు అందులో తక్కువేం కాదు. కొత్తగా ఈ పని మొదలుపెట్టిన ఎవరికైనా ముందు దొరికే సలహా ఒకటుంది. "చెక్క తెచ్చిన వెంటనే ముట్టుకోవద్దు, ఓ వారం వర్క్‌షాపులో వదిలెయ్, గాలికి అలవాటు పడుతుంది." సలహా తప్పు కాదు, కాకపోతే సగమే. వారం అన్నది చెక్కకు తెలీదు. ల్యామినేట్ ఫ్లోరింగ్ అట్టపెట్టెల మీద 48 గంటలు గదిలో ఉంచమని రాస్తారు చూడండి, ఆ రకం లెక్కలు సన్నటి ఫ్యాక్టరీ సరుకుకు సరిపోతాయి. రెండంగుళాల టేకు పలకకు 48 గంటలంటే పైచర్మం కూడా సరిగ్గా మేలుకోదు. అసలు అడగాల్సింది ఎన్ని రోజులని కాదు, ఎంత తేమ నుంచి ఎంత తేమకు రావాలని. ఆ రెండు అంకెలూ తెలిస్తే రోజులు వాటంతటవే తేలతాయి.

పచ్చి మానులో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. కణాల లోపలి ఖాళీల్లో, గొట్టంలో నిలిచినట్టు ఉండేవి కొన్ని, కణాల గోడల్లోకే ఇంకి పీచును అంటుకుని ఉండేవి కొన్ని. ఎండటం మొదలయ్యాక ముందు గొట్టాల్లోవి పోతాయి, అప్పుడు బరువు తగ్గుతుంది గానీ కొలత మారదు. తేమ 28–30 శాతానికి దిగాక గోడల్లోని నీరు కదులుతుంది, చెక్క కుంచించుకుపోవడం అక్కడి నుంచే మొదలు. తేమ శాతమంటే చెక్కలో ఉన్న నీటి బరువును పూర్తిగా ఎండిన చెక్క బరువుతో భాగించి నూరుతో హెచ్చవేయడం. మొత్తం బరువుతో కాదు, ఎండు బరువుతో. అందుకే అప్పుడే కొట్టిన కొన్ని చెట్లలో ఇది 100 శాతం కూడా దాటుతుంది, మొదటిసారి చూసినవాళ్లు లెక్క తప్పిందనుకుంటారు.

ఎండిన తర్వాత కూడా చెక్క ఊరుకోదు. చుట్టూ ఉన్న గాలి తడిగా ఉంటే తాగుతుంది, పొడిగా ఉంటే వదిలేస్తుంది, రెండూ సరిసమానమైన చోట ఆగుతుంది. మన ఎండల్లో ఉండే వేడికి గాలిలో తేమ 30 శాతం ఉంటే చెక్క దాదాపు 6 శాతం దగ్గర ఆగుతుంది, 50 ఉంటే 9, 65 ఉంటే 12, 80 ఉంటే 16కి కాస్త అటూఇటూ. పై అంకెల దగ్గర గాలిలో చిన్న తేడా కూడా చెక్కలో పెద్దగా కనిపిస్తుందని గమనించండి, 65 నుంచి 80కి పోతే చెక్క 4 శాతం ఎక్కేస్తోంది. ఇంకో మెలిక కూడా ఉంది, చాలామంది పట్టించుకోరు: ఒకే గదిలో పచ్చి నుంచి ఎండుతూ వచ్చిన పలకా, బాగా ఎండిపోయి మళ్లీ తేమ తాగుతూ వచ్చిన పలకా ఒకే అంకె దగ్గర ఆగవు. ఎండుతూ వచ్చింది ఒకటి రెండు శాతం ఎక్కువ దగ్గరే నిలబడుతుంది. కాబట్టి మీటరులో రెండు పలకలకు చిన్న తేడా కనిపిస్తే మీటరు దండగని గిరాటెయ్యక్కర్లేదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, సముద్రం దగ్గర్లో లేదు. మార్చిలో ఇక్కడ మధ్యాహ్నాల గాలి కరకరలాడేంత పొడిగా ఉంటుంది, తేమ 30 శాతం దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడుతుంది. తెల్లారేసరికి మళ్లీ రెట్టింపవుతుంది. చెక్క గంటగంటకీ మారిపోదు, లోపలిదాకా చూస్తే అది వారాల సగటును పట్టుకుని నడుస్తుంది, ఆ సగటు మార్చిలో చెక్కను 8–9 శాతానికి దింపుతుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ముసురు, ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరని కాలం, అప్పుడు అదే చెక్క 14 దాకా ఎక్కుతుంది. ఏసీ లేని ఇంట్లో ఉన్న మంచమో బల్లో ఏడాదిలో ఈ రెండు కొసల మధ్య ఊగుతూనే ఉంటుంది.

చెన్నైది వేరే తీరు. అక్కడ సముద్రం గాలి ఏడాదంతా తేమను పట్టి ఉంచుతుంది, మే నెలలో 40 డిగ్రీల ఎండ కాసినా సాయంత్రానికి ఒంటికి జిడ్డు పడుతుందంటే కారణం అదే. వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, నవంబరులో మరీ ఎక్కువ. అక్కడ ఏసీ లేని గదిలో చెక్క 12 కిందికి దిగడమే తక్కువ, నవంబరులో 15 దాటుతుంది. ఊగడం బెంగళూరు కంటే తక్కువే, ఊగే చోటు మాత్రం పైన. అందుకే చెన్నైలో చేసిన బల్ల బెంగళూరు వస్తే కుంచించుకుంటుంది, బెంగళూరులో మార్చిలో చేసింది చెన్నై వెళ్తే ఉబ్బుతుంది. 

భారత ప్రమాణాల సంస్థ ఈ తేడాలనే లెక్కలోకి తీసుకుని ఐఎస్ 287 అనే ప్రమాణంలో దేశాన్ని నాలుగు మండలాలు చేసింది: ఏడాది సగటు తేమ 40 శాతం కంటే తక్కువ ఉన్నవి, 40–50, 50–67, 67 దాటినవి. రెండంగుళాల కంటే సన్నటి తలుపు, కిటికీ చెక్కకు ఈ నాలుగింటిలో వరుసగా 8, 10, 12, 14 శాతం దాటకూడదంటుంది. తీరప్రాంతం ఎక్కువగా చివరి దానిలోకే వస్తుంది. ఇవి గరిష్ఠాలు, గురి కాదు. అయినా దీన్ని చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది, "ఫర్నిచర్ చెక్క 8 శాతం ఉండాలి" అని అమెరికా వీడియోల్లో వినిపించే అంకె వాళ్ల చలికాలపు హీటర్ గదులకు పుట్టింది. చెన్నై మైలాపూరులో కిటికీ తెరిచి ఉండే ఇంటికి 8 శాతం చెక్కతో బిగుతుగా బీరువా చేస్తే మొదటి నవంబరుకే సొరుగు ఇరుక్కుంటుంది.

ఎంత కదులుతుందో అంకెల్లో చూస్తే గానీ భయం పుట్టదు. చెక్క పొడవునా దాదాపు కదలదు, పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా తగ్గేది వెయ్యికి ఒకటో రెండో వంతు. వెడల్పులోనే అంతా. అందులోనూ ఏడాది వలయాలకు అడ్డంగా, అంటే మాను నడిమి నుంచి బెరడు వైపు, ఒక వంతు తగ్గితే వలయాల వెంబడి దాదాపు రెండు వంతులు తగ్గుతుంది. పలకను ఎటు కోశారన్నది అందుకే అంత ముఖ్యం. టేకు ఈ విషయంలో చాలా బుద్ధిమంతురాలు, వలయాల వెంబడి మొత్తం తగ్గుదల 5–6 శాతం లోపే. అంటే తేమ ఒక శాతం మారితే వెడల్పు సుమారు 0.19 శాతం మారుతుంది. 900 మిల్లీమీటర్ల వెడల్పున్న డైనింగ్ టేబుల్ పైపలకను వానాకాలంలో 14 శాతం దగ్గర అతికించి, అది మార్చికి 8కి దిగిందనుకుందాం: 900 ఇంటూ 0.0019 ఇంటూ 6, పది మిల్లీమీటర్లు. ఒక సెంటీమీటరు! బుద్ధిమంతురాలైన టేకే ఇంత చేస్తే, షోరూముల్లో స్టీమ్ బీచ్ అని అమ్మే యూరప్ చెక్క దీనికి రెండింతలు కదులుతుంది, అదే బల్లకు రెండు సెంటీమీటర్లు. ఆ బల్లను కింద ఫ్రేముకు నాలుగు వైపులా స్క్రూలతో బిగించేస్తే మధ్యలో చీలక ఏం చేస్తుంది?

కలప అడితీల్లో ఎక్కువగా వినిపించే మాట "కిల్న్ డ్రైడ్ సార్, ఫుల్ సీజన్డ్." మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఔట్‌లోనైనా, చెన్నై చూలై వైపైనా ఈ మాట ఉచితమే. అబద్ధం అనక్కర్లేదు, చాలాసార్లు నిజమే కూడా. అయితే కిల్న్, అంటే కలప ఎండబెట్టే బట్టీ, అన్నది ఆ చెక్క గతం, ఇప్పటి పరిస్థితి కాదు. బట్టీలో 10 శాతానికి ఎండిన చెక్క ఓడలో వచ్చి, రేవులో ఆగి, లారీ ఎక్కి, యార్డులో టార్పాలిన్ కింద ఒక వానాకాలం గడిపితే అది మళ్లీ ఆ యార్డు గాలి ఎంతంటే అంతకు చేరుతుంది. బట్టీ వేడికి పురుగు చావడం, చెక్క లోపలి నీరు తొందరగా దిగడం, ఇవి దక్కే లాభాలే. తేమ విషయంలో మాత్రం బట్టీ ఇచ్చిన సర్టిఫికెట్టుకు గడువు తేదీ ఉంటుంది, దాన్ని ఎవరూ ముద్రించరు.

పాతకాలంలో ఈ ఓపిక చెట్టు దగ్గరే మొదలయ్యేది. బర్మా అడవుల్లో టేకు మానును నరకడానికి రెండు మూడేళ్ల ముందే మొదలు దగ్గర చుట్టూ బెరడూ, దాని కింది తెల్లచెక్కా కోసి వదిలేసేవారు, చెట్టు నిలబడే చచ్చి నిలబడే ఎండేది. పచ్చి టేకు నీళ్లలో తేలదు, నదుల మీద దుంగలను తెప్పలుగా పంపాలంటే ముందు బరువు దిగాలి, అందుకోసం. మన వైపు పల్లెల్లో ఇల్లు కట్టాలనుకున్నవాళ్లు కలప ముందే కోయించి పశువుల కొట్టంలో అటక మీద ఏళ్ల తరబడి ఉంచేవారు. ఇవాళ కొని రేపు కోసి ఎల్లుండి పాలిష్ కొట్టే పని మన తరానిదే.

సరే, కొలవడం ఎలా? పిన్నులు గుచ్చే మాయిశ్చర్ మీటరు చవకది ఒకటి కొంటే చాలు మొదలుపెట్టడానికి. కానీ దాన్ని పట్టుకునే తీరు తెలియాలి. చాలా మీటర్లు డగ్లస్ ఫర్ అనే అమెరికా చెక్కను దృష్టిలో పెట్టుకుని సర్దినవి, టేకుకో వేపకో నేరుగా సరిపోవు, మాన్యువల్లో జాతుల పట్టిక ఉంటే దిద్దుకోవాలి. పలక చివర గుచ్చితే వచ్చే అంకె మోసం, చివరల నుంచి తేమ పక్కల కంటే పది పదిహేను రెట్లు వేగంగా పోతుంది కాబట్టి అక్కడ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. కనీసం అడుగు లోపలికి వెళ్లి, నాలుగైదు చోట్ల గుచ్చి, వీలైతే ఒక చిన్న ముక్క అడ్డంగా కోసి కొత్తగా బయటపడ్డ మధ్యభాగంలో గుచ్చి చూడాలి. పైన 10, నడుమ 15 అని వస్తే ఆ పలక ఇంకా ప్రయాణంలోనే ఉంది.

మీటరు మీద నమ్మకం లేనివాళ్లకు వంటింట్లోనే ప్రయోగశాల ఉంది. పలక మధ్య నుంచి చిన్న ముక్క కోసి వెంటనే తూచాలి, ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గనంతవరకు ఎండబెట్టాలి, మళ్లీ తూచాలి. ముందు 62 గ్రాములు, తర్వాత 55 గ్రాములనుకోండి, పోయిన నీరు 7, దాన్ని 55తో భాగిస్తే 12.7 శాతం. మైక్రోవేవ్‌తో ఈ పని చేయబోతే ముక్క లోపల మాడి పొగ వస్తుంది, ఇంట్లోవాళ్లతో మాట పడాల్సి వస్తుంది. పెద్ద ఆర్డరు, ఖరీదైన కలప అయితే బెంగళూరు మల్లేశ్వరం 18వ క్రాస్‌లో ఉడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థ ఉంది, 1938లో మైసూరు సంస్థానం పెట్టిన అటవీ పరిశోధనశాల 1988లో ఈ రూపంలోకి వచ్చింది. అది ఏ చెక్కో తేల్చి చెప్పడం, కలపను పరీక్షించడం వాళ్ల పనుల్లో ఒకటి.

అన్నింటికంటే తేలికైన పద్ధతి మాత్రం త్రాసు. నాలుగడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న టేకు పలక సుమారు నాలుగు కిలోలు తూగుతుంది. అది 15 శాతం నుంచి 11కి దిగితే 140 గ్రాములు పోతుంది, మామూలు వంటింటి త్రాసుకు కూడా అందే తేడా. పలక చివర మార్కర్‌తో తేదీ, బరువు రాయాలి, మూడు రోజులకోసారి తూచి కింద రాస్తూ పోవాలి. వారం పాటు బరువు కదలకుండా నిలబడితే చెక్క ఆ గదితో రాజీ పడిందని అర్థం. అంకె ఎంతో తెలియకపోయినా ఆగిందని తెలుస్తుంది, జాతి పట్టికలు, దిద్దుబాట్లు ఏమీ అక్కర్లేదు. ఇంత తేలికైన పనిని ఎవరూ చేయరెందుకో గానీ, బహుశా త్రాసు వంటింటిది కావడమే కారణం.

అప్పుడు ఎన్నాళ్లన్న ప్రశ్నకు ఉజ్జాయింపుగా జవాబు వస్తుంది. గాలి ఆడే గదిలో అంగుళం పలక మూడు నాలుగు శాతం దిగడానికి రెండు నుంచి నాలుగు వారాలు. మందం రెట్టింపైతే సమయం రెట్టింపు కాదు, నాలుగింతల దాకా పోతుంది, ఎందుకంటే నీరు నడుమ నుంచి పైకి నడిచే దూరమూ పెరిగింది, నీటిని బయటికి నెట్టే జోరూ తగ్గింది. రెండంగుళాల మంచం కోళ్లకు రెండు మూడు నెలలు అనుకోవాలి. అదే అరంగుళం పలకలకు వారం నిజంగానే చాలు. వారం సలహా పుట్టింది బహుశా ఇలాంటి పలకల దగ్గరే. జాతి కూడా ముఖ్యమే, బరువైన గట్టి చెక్క నెమ్మది, తేలికది వేగం. కూర్గు కాఫీ తోటల నుంచి వచ్చే సిల్వర్ ఓక్ చవకని కొని తొందరపడితే మెలితిరిగి కూర్చుంటుంది.

పేర్చడంలో ఒక్క తప్పుతో నెల ఓపిక వృథా అవుతుంది. కాంక్రీటు నేల మీద పలకను బోర్లా పడేస్తే కింది వైపు నేల చెమ్మ తాగుతుంది, పైవైపు ఎండుతుంది, మూడో రోజుకు పడవలా లేస్తుంది. గోడకు చేరేసి నిలబెడితే సొంత బరువుకే విల్లులా వంగుతుంది. నేలకు అరడుగు ఎత్తున దుంగలు వేసి, వాటి మీద పలకలు పరిచి, ఒక్కో వరుసకూ మధ్య ముప్పాతిక అంగుళం బద్దలు పెట్టాలి, అడుగున్నరకోటి చొప్పున. పై బద్ద సరిగ్గా కింది బద్ద మీదే రావాలి. బద్దలన్నీ ఒకే మందం, ఒకే ఎండు. పైన బరువు. చివరలకు మైనమో పాత పెయింటో పూస్తే బీటలు తగ్గుతాయి. రేకుల షెడ్డులో పనిచేసేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి, బొమ్మనహళ్లి, పీణ్య వైపు అద్దె షెడ్లలో ఏప్రిల్ మధ్యాహ్నం రేకు కింద వేడికి చెక్క పైపొర లోపలి కంటే ముందే ఎండి గట్టిపడుతుంది, లోపలి తడి బయటికి రాలేక, పై పొర సాగలేక పగుళ్లు పడతాయి. పైవరుస మీద పాత ప్లైవుడ్ కప్పితే సరిపోతుంది.

ఇక్కడే అసలు తిరకాసు. అందరూ చెక్కను వర్క్‌షాపుకు అలవాటు చేయమంటారు. కానీ ఆ బల్ల బతికేది వర్క్‌షాపులో కాదు. బేస్‌మెంట్ పార్కింగ్‌లో, జులైలో, గాలి తేమ 80 దాటిన చోట నెల రోజులు చక్కగా బద్దలు పెట్టి అలవాటు చేస్తే చెక్క అక్కడి అంకెకే నమ్మకంగా చేరుతుంది. ఆ బల్లను పై అంతస్తులో ఏసీ నడిచే హాల్లో పెడితే అక్కడ గాలి 50–55. అలవాటు ఎంత బాగా చేస్తే అంత తప్పు జరిగినట్టే. గురి ఇల్లు కావాలి. బెంగళూరులో మామూలు ఇంటికి 10–11 శాతం దగ్గర, చెన్నైలో ఏసీ లేని ఇంటికి 13–14 దగ్గర, ఏసీ పడగ్గదికి 10 దగ్గర పని మొదలుపెడితే చెక్క రెండు వైపులా సమానంగా ఊగుతుంది. అంకె కోసం తంటాలు పడేకంటే మంచి మార్గం, పలకలను చివరికి వస్తువు ఉండబోయే గదిలోనే మంచం కింద పేర్చడం. ఇంట్లోవాళ్లను ఒప్పించడం వేరే సమస్య, దానికి ఐఎస్ ప్రమాణం లేదు.

తెలుగువాళ్ల ఇళ్లలో తరచూ జరిగేది ఒకటుంది. ఊళ్లో పొలం గట్టు మీద తాతగారు నాటిన టేకో, పెరట్లో వేపో కొట్టించి, అక్కడి రంపం మిల్లులో పలకలు కోయించి, బెంగళూరు ఫ్లాట్‌లో పూజ మందిరానికో మంచానికో లారీ మీద తెప్పించడం. కోనసీమలో ఏడాది ఎండిన పలక కూడా అక్కడి గాలికే ఎండింది. ఏటిగట్ల మధ్య ఊళ్లో 14–15 దగ్గర హాయిగా ఉన్న చెక్కను ఫిబ్రవరిలో బెంగళూరు తెస్తే, అప్పుడే ఇక్కడ ఏడాదిలోకెల్లా పొడికాలం మొదలవుతుంది. లారీ దిగిన వారానికే కోసి మందిరం చేస్తే ఉగాది నాటికి చెక్క తలుపుల సందులు విడతాయి. రాయలసీమ నుంచి, అనంతపురం వైపు నుంచి వచ్చిన చెక్కకు ఈ దెబ్బ తక్కువ, అక్కడి గాలే పొడి. వయసు చాలని గట్టు టేకులో తెల్లచెక్క ఎక్కువ, పురుగు పట్టేది అందులోనే, కాబట్టి చేవ ఎంత, తెల్లచెక్క ఎంత అన్నది కూడా అప్పుడే చూసుకుంటే మంచిది.

తేమ సరిపడ్డాక కూడా ఒకే రోజులో చివరి కొలతకు కోయకూడదు. చెట్టు పెరిగినప్పటి బిగువులు కొన్ని, ఎండినప్పుడు పుట్టినవి కొన్ని చెక్క లోపల ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉంటాయి. మందమైన పలకను నడిమికి చీలిస్తే ఆ పట్టు తెగుతుంది, రెండు సగాలూ చెరోవైపు వంగుతాయి. నడుమ తడి కొత్తగా గాలికి తగులుతుంది. కాబట్టి ముందు ప్రతి ముక్కనూ మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కోసి, మళ్లీ బద్దల మీద నాలుగైదు రోజులు పడుకోబెట్టి, అది వంగాల్సినంత వంగాక చిత్రిక పట్టి కొలతకు తేవాలి. రెండు వైపుల నుంచీ సమానంగా తీయాలి, ఒకవైపే తీస్తే తడిసిన వైపు బయటపడి సాయంత్రానికి గిన్నెలా అవుతుంది. ఆదివారం ఒక్కరోజులో స్టూలు పూర్తి చేయాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు ఈ పేరా నచ్చదు.

ఎంత అలవాటు చేసినా కదలిక ఆగదు. అలవాటు వల్ల దక్కేది ఒక్కటే, మనం ఊపు మధ్యలో ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది. అది తెలిస్తే సందులు లెక్కేసి పెట్టుకోవచ్చు. పాత తలుపుల్లో ప్యానెళ్లు ఫ్రేము గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చునేవి, ఉబ్బినా తగ్గినా గాడిలోపలే ఆడుకునేవి. 400 మిల్లీమీటర్ల టేకు ప్యానెల్ ఏడాదిలో నాలుగు మిల్లీమీటర్ల దాకా ఆడుతుంది. మార్చిలో 8–9 శాతం దగ్గర బిగిస్తే అది అప్పటికే చిక్కి ఉంది, ఉబ్బడానికి నాలుగు మిల్లీమీటర్లూ గాడిలో వదలాలి. సెప్టెంబరులో 14 దగ్గర బిగిస్తే దాదాపు నిండుగానే కూర్చోబెట్టవచ్చు, ఇక చిక్కడమే. అయితే గాడి లోతు మాత్రం చిక్కినా అంచు బయటపడనంత ఉండాలి. సొరుగులకూ ఇదే లెక్క, వానాకాలంలో సొరుగు బిగుతుగా జారితే అది సరైన పని, వేసవిలో బిగుతుగా జారితే రాబోయే గొడవ. మొదట్లో చెప్పిన తలుపుకు ఆగస్టులో చిత్రిక పట్టకూడదనేదీ ఇందుకే. మరీ తెరుచుకోకపోతే పట్టిన చోట మాత్రం కాస్త తీసి, మార్చిలో సందు ఎంత ఉందో చూసి అప్పుడు నిర్ణయించుకోవాలి. టేబుల్ పైపలకను ఫ్రేముకు కట్టేటప్పుడు స్క్రూ బెజ్జాలు గుండ్రంగా కాకుండా అడ్డంగా పొడుగ్గా వేస్తే, ముందు లెక్కేసిన ఆ సెంటీమీటరు ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వచ్చిపోతుంది.

పాలిష్ వేస్తే తేమ పోదనుకునేవాళ్లు ఉన్నారు. పీయూ అయినా మెలమైన్ అయినా ప్రయాణాన్ని నెమ్మది చేస్తుంది, ఆపదు. పైవైపు మూడు కోట్లు కొట్టి కిందివైపు ఊరికే వదిలేస్తే రెండు వైపులా వేగం మారి బల్ల వంగడం ఖాయం. కనిపించని కింద కూడా అన్నే కోట్లు పడాలి, పెయింటర్ దగ్గర పట్టుబట్టి కొట్టించుకోవాల్సిందే. ప్లైవుడ్‌తో ఈ తలనొప్పి చాలా తక్కువ, పొరలు అడ్డదిడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి ఒకదాన్ని ఒకటి కదలనివ్వవు. చెక్క పీచును జిగురుతో ఒత్తి చేసే ఎండీఎఫ్‌కు వెడల్పు కంటే మందం ఉబ్బడం బాధ, అదీ అంచు నుంచే.

చివరగా కొత్త ఫ్లాట్ల ఇంటీరియర్ పని. తాళాలు చేతికొచ్చిన నెలలోనే గృహప్రవేశ ముహూర్తం పెట్టుకుని, గోడలకు పుట్టీ, టైల్స్‌కు గ్రౌటు ఆరుతుండగానే అదే హాల్లో చెక్క దించి పని మొదలుపెట్టిస్తారు. కొత్త కాంక్రీటు, ప్లాస్టరు నెలల తరబడి నీటిని గాల్లోకి వదులుతూనే ఉంటాయి, కిటికీలు మూసి ఉన్న గదిలో తేమ ఎండాకాలంలో కూడా వానాకాలం అంత ఉంటుంది. అక్కడ చెక్కను ఎన్ని వారాలు పెట్టినా అది ఇంటికి కాదు, తడి గోడలకు అలవాటు పడుతోంది. ముప్పై నలభై రోజులు కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వేసి, గాలిలో తేమ చూపే ఒక చిన్న హైగ్రోమీటరు గోడకు తగిలించి, దాని అంకె పాత ఇంటి హాల్లో అంకెకు దగ్గరపడ్డాక చెక్క దించమని మేస్త్రికి చెప్పాలి. ముహూర్తం మార్చలేకపోతే కర్టెన్ల లాంటివి ముందు పెట్టించుకుని, సాలిడ్ చెక్కతో చేసే మందిరాన్నీ, డైనింగ్ టేబుల్‌నూ దసరా తర్వాతికి వాయిదా వేయడమే తేలిక, ఆ లోపు పలకలు మంచం కింద బద్దల మీద తమ పని తాము చేసుకుంటూ ఉంటాయి.